అతికించిన బావులు

"రాళ్ళదొడ్డి. నీళ్ళున్నవి ఆరు. అడుగంటినవి రెండు. ఎండినవి లేవు," అని చదివి ఇంద్రమ్మ తర్వాతి ఊరు పేరు ఎత్తబోయింది. ఎదురుగా యూసుఫ్ సార్ పెన్సిలు టిక్కు పెట్టకుండా కాగితానికి కొంచెం పైన ఆగిపోయి ఉంది.

"మళ్ళ చదువమ్మా," అన్నాడాయన.

ఆమె మళ్ళీ చదివింది. అవే అంకెలు.

అది 1973 వేసవి. వానలు లేక రెండేళ్ళయింది. వికారాబాద్ స్టేషన్ వెనక ఒక కందుల గోదామును ఖాళీ చేయించి, అందులో కరువు పనుల కచేరీ పెట్టారు. నేలంతా కంది పొట్టు. ఫ్యాను తిప్పితే పొట్టు లేచి సిరాలో పడుతుందని ఫ్యాను కట్టేసి పని చేసేవారు. పట్నం నుంచి బోరు వేసే బండి ఒకటి వచ్చి గోదాము ముందు నిలబడి ఉంది. వికారాబాద్, తాండూరు తాలూకాల్లో ఏ ఊళ్ళో ఎన్ని బావులు ఎండిపోయాయో ఊరూరా బడిపంతుళ్ళ చేత రాయించి తెప్పించారు. ఆ కాగితాలన్నీ చేర్చి ఒక్క పెద్ద పట్టిక తయారు చేయాలి. కచేరీ భాషలో దాన్ని గోష్వారా అనేవారు. ఎక్కువ బావులు ఎండిన ఊరు పైన, తక్కువ ఎండిన ఊరు కింద. బండి ఆ వరసలోనే వెళుతుంది. వానలు పడేలోగా మొదటి పేజీ దాటి రెండో పేజీకి వస్తుందన్న ఆశ ఎవరికీ లేదు. పట్టిక మీద సంతకమైతే ఎల్లుండి పొద్దున బండి కదులుతుంది.

యూసుఫ్ సార్ తాండూరు హైస్కూల్లో లెక్కలు చెబుతాడు. సెలవుల్లో ఈ పనికి రమ్మంటే తోటివాళ్ళు ఏదో ఒక సాకు చెప్పారు, ఆయన చెప్పలేదు. ఇంట్లో ఉండటం కంటే ఇదే నయమనిపించింది. చలికాలం చివర ఆయన భార్య అష్రఫున్నీసా కామెర్లతో పోయింది. ఆమె రాళ్ళదొడ్డి బడిలో ఒక్కతే టీచరు. తాండూరులో బస్సెక్కి, దిగి, బండరాళ్ళ మధ్య కొంత నడిచి వెళ్ళేది. కిందటేడు నుంచి ఆ ఊరివాళ్ళు పనికిరాక వదిలేసిన నాపరాతి గని గుంతలో నిలిచిన నీళ్ళు తెచ్చుకుంటున్నారు. బడిలో పిల్లలు ఏ నీళ్ళు తాగితే ఆమె కూడా ఆ నీళ్ళే తాగేది. డాక్టరు కామెర్లు అన్నాడు గాని నీళ్ళ మాట ఎత్తలేదు. యూసుఫ్ సార్ కూడా ఎవరితోనూ ఎత్తలేదు.

బతికున్నప్పుడు ఇద్దరూ కలిసి పని చేసేవారు. పరీక్షల మార్కులు గాని, జనాభా లెక్కలు గాని, ఇంటికి ఏ పట్టిక వచ్చినా ఆమె చదివేది, ఆయన రాసేవాడు. ప్రతి వరసా అడగకుండానే రెండుసార్లు చదివేది. కచేరీకి వచ్చిన మొదటిరోజే టైపిస్టు ఇంద్రమ్మ, "నేను చదువుత సార్, మీరు చూసుకోండ్రి," అంది. స్కేలు పెట్టుకుని తానే చూసుకుంటానని అన్నాడాయన. ఇన్నాళ్ళూ అలాగే నెట్టుకొచ్చాడు. గడువు మీదికి రావడంతో ఈరోజు సరేననక తప్పలేదు.

రాళ్ళదొడ్డి కాగితం అష్రఫున్నీసా రాసిందే. బావుల లెక్క తీసిన పది పన్నెండు రోజులకే ఆమె మంచం పట్టింది. అన్ని ఊళ్ళ కాగితాల ముక్కలూ అతికించిన పెద్ద షీటు మీద ఆ ముక్క రాగానే ఆయన చేతిరాత గుర్తుపట్టాడు. గుర్తుపట్టి, చూపు ఆనించకుండా, ఆ మూడు అంకెలూ గబగబా ఎత్తి రాసుకుని కిందికి జరిగిపోయాడు. ఇప్పుడు ఇంద్రమ్మ గొంతులో అవి వట్టి అంకెలుగా వినపడ్డాయి. వినగానే తప్పని తెలిసింది. ఆరు బావుల్లో నీళ్ళుంటే ఆ ఊరు గని గుంతకు ఎందుకు పోతుంది?

లేచి వెళ్ళి షీటు మీద కూడికలు చూశాడు. ఏ ఊరికి ఆ ఊరు బావుల మొత్తం పాత లెక్కతో సరిపోయింది. తాలూకా మొత్తం కూడా సరిపోయింది. లెక్క తప్పి ఉంటే ఆయనకింత దిగులు కలిగేది కాదు. కూడిక తప్పితే వెతకడానికి ఒక చోటు ఉంటుంది.

షీటు తయారు చేసింది అటెండరు బాల్‌రాజ్. అచ్చు ఫారాలు సగం ఊళ్ళకే సరిపోయాయి. మిగిలిన పంతుళ్ళు నోటుబుక్కు కాగితాల మీద తామే గీతలు గీసుకుని రాసి పంపారు. అన్నింటిలోనూ నీళ్ళున్నవి, అడుగంటినవి, ఎండినవి అని అవే మూడు ఖానాలు కాబట్టి, తిరగరాసే పని తప్పించడానికి బాల్‌రాజ్ ఒక ఉపాయం చేశాడు. ప్రతి కాగితంలోనూ అంకెలున్న వరస మాత్రం కత్తెరతో కోసి, మైదాపిండి జిగురుతో ఒకదాని కింద ఒకటి అతికించాడు. ఎడమపక్కన ఎర్ర పెన్సిలుతో ఊరి పేరు రాశాడు. అన్నింటికీ కలిపి పైన ఒక్కసారి ఖానాల పేర్లు రాశాడు. ఈ ఉపాయం చూసి ఆఫీసరు వాణ్ణి మెచ్చుకున్నాడు కూడా.

ఖానాల పేర్లున్న తల ముక్కలు, కోసేసినవి, ఏవని యూసుఫ్ సార్ అడిగాడు.

"తలకాయ రాత అందరిదీ ఒకటేనాయె సార్. ఏం జేస్కుంటం? చాయ్ పొయ్యిల ఏసిన," అన్నాడు బాల్‌రాజ్. సార్ ముఖం చూసి, "ఏమైంది, పరేషాన్ గున్నరు?" అన్నాడు.

ఆయన ఏమీ లేదన్నాడు.

కరువు పనులు చూసే ఆఫీసరు రాజేందర్ చెడ్డవాడేం కాదు. పై నుంచి ఫోను మీద ఫోను వస్తుండగా నిద్ర చాలక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. యూసుఫ్ సార్ చెప్పిందంతా విని, మొత్తాలు సరిపోయాయా అని అడిగాడు. సరిపోయాయి. ముక్కలు మారాయా? బాల్‌రాజ్ మారలేదంటున్నాడు. ఇక తప్పెక్కడుందని అడిగాడు. ఆ ఊరు తనకు తెలుసు, అంతే అన్నాడు యూసుఫ్ సార్.

"గదే నేనంటున్న సార్. ఇన్ని ఊళ్ళుంటే మీకు గా ఒక్క ఊరి లెక్కనే తప్పు కనవడ్డది," అన్నాడు రాజేందర్. గొంతులో కోపం లేదు. "మేడమ్ పనిచేసిన ఊరని రేపు ఎవరన్న అంటే నేనేం చెప్పాలె? రేపు పొద్దుగూకేదాంక చూడుండ్రి. దొరికితే మారుస్త. దొరకకపోతే సంతకం పెడ్త."

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. తాను ఒకవైపు ఒరుగుతున్నాడా? రాళ్ళదొడ్డి కాక ఇంకో ఊరైతే ఇలా లేచి వచ్చేవాడా? ఆ ప్రశ్నను మనసులో పెట్టుకునే షీటు ముందు కూర్చున్నాడు.

ముందు పేర్లు చూశాడు. ఒక ఊరు, దాని శివారు గూడెం పేరుతో మళ్ళీ ఒకసారి, రెండుచోట్ల ఉంది. ఒకటి కొట్టేశాడు. తప్పు దొరికిందని ఒక్క క్షణం తేలికపడ్డాడు గాని దానికీ రాళ్ళదొడ్డికీ సంబంధం లేదు. ఎవరైనా కిందటేటి లెక్క పంపారేమో చూశాడు. అదీ కాదు. జిగురు ఎక్కువై ఒకచోట అంకె చెరిగింది, దాన్ని కనుక్కుని సరిచేశాడు. చిన్నచిన్నవి దొరుకుతున్నాయి, అసలుది దొరకడం లేదు. ఇంద్రమ్మ చాయ్ తెచ్చి పెట్టింది. అది చల్లారి మీగడ కట్టింది.

ఇక చూడనిది ఒక్కటే. ఆమె రాసిన ముక్క.

షీటు కిటికీ దగ్గరికి జరిపి వంగి చూశాడు. నీలిసిరా. అంకెలు చిన్నవి, నిలువుగా, వరసలో బుద్ధిగా నిలబడ్డట్టు. ముక్క కుడి చివర, మూడో అంకె తర్వాత, వేలెడు ఖాళీ. ఆ ఖాళీకి ముందు పైనుంచి కిందికి ఒక ఎర్రగీత, అంచు గీత.

అష్రఫున్నీసా ఉర్దూ బడిలో చదువుకుంది. ఏ కాగితం తీసినా కుడివైపే అంచు విడిచి, కుడివైపు నుంచే ఖానాలు గీసేది. పాల లెక్క కూడా అంతే. పైన తెలుగులో పేర్లు పెట్టినా ఖానాల వరస మాత్రం కుడినుంచే నడిచేది. నీ కాగితం చదవాలంటే ఇంటి వెనకనుంచి లోపలికి వచ్చినట్టుంటుందని ఆయన వేళాకోళం చేసేవాడు. ఖానాల పేర్లు నెత్తిన ఉన్నంతకాలం ఎటునుంచి గీసినా ఇబ్బంది లేదు. నెత్తి కోసేశాక ఆరు, రెండు, సున్న అని ఎడమనుంచి చదివారు. ఆమె రాసింది కుడినుంచి. నీళ్ళున్నవి లేవు, అడుగంటినవి రెండు, ఎండినవి ఆరు. ఎటు చదివినా మొత్తం ఎనిమిదే. అందుకే కూడిక ఏమీ చెప్పలేకపోయింది.

షీటు మీద ఇలాంటి ముక్కలు ఇంకా ఉన్నాయేమో వెతికాడు. ఉన్నాయి, చాలానే. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్న పంతుళ్ళు తాండూరు వైపు ఎందరో ఉన్నారు. ఇంద్రమ్మను పిలిచి ఎర్రగీత చూపించి సంగతి చెప్పాడు. ఆమె బల్ల మీదున్న నోటుబుక్కు తీసి ఒక పేజీ తిప్పింది.

"మరి ఇదేంది సార్?" అంది.

పేజీ వెనకవైపు. అంచు గీత కుడిపక్కనే ఉంది. ఏ నోటుబుక్కు కాగితమైనా వెనక్కి తిప్పి రాస్తే గీత కుడికే వస్తుంది. కాగితానికి కరువైన ఊళ్ళో వెనకవైపు రాయనివారెవరు?

యూసుఫ్ సార్ కుర్చీలో వెనక్కి వాలాడు. అతికించిన ముక్క ఏ వైపుదో జిగురు కింద ఇక తెలియదు. అప్పటిదాకా దగ్గరికి రానీయని ఇంకో ఆలోచన కూడా అప్పుడే వచ్చింది. ఒకవేళ ఆమె ఆరోజు సర్కారు కాగితం కదా అని అందరిలా ఎడమనుంచే రాసి ఉంటే? అప్పుడు ఆరు బావుల్లో నీళ్ళున్నట్టే. ఆరు బావుల్లో నీళ్ళుండగా ఆమె ఆ గుంత నీళ్ళు తాగినట్టు.

సాయంత్రం ప్యాసింజరు పట్టుకుని తాండూరు వెళ్ళాడు. కుడి గీత ఉన్న ఊళ్ళలో మల్లారంగూడ ఒకటి. అక్కడి పంతులు అజమత్ సాబ్ తాండూరులోనే పాలిషు బండల కార్ఖానాల వెనక సందులో ఉంటాడు. రిటైరు కావడానికి దగ్గరపడ్డ మనిషి. వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. యూసుఫ్ సార్‌ను చూసి పక్కకు జరిగి చోటు ఇచ్చాడు. చనిపోయినామె మాట ఎత్తకుండా ఆయన భుజం మీద కాసేపు చెయ్యి ఉంచి తీశాడు.

బావుల కాగితం ఎటునుంచి రాశారని అడిగితే అదేం ప్రశ్న అన్నట్టు చూశాడు.

"కుడినుంచే రాసిన మియా. యాభై ఏండ్ల అలవాటు. ఎడమనుంచి రాయమంటే నా చెయ్యే నన్ను జూసి నవ్వుతది," అన్నాడు. తర్వాత కొంచెం నొచ్చుకుని, "పైన పేర్లు రాసిన్నా లేదా? చదువుకున్నోళ్ళే గదా కచేరీల ఉన్నది?" అన్నాడు.

పేర్లు కోసి పొయ్యిలో వేశారని చెప్పడానికి యూసుఫ్ సార్‌కు నోరు రాలేదు. అజమత్ సాబ్ లోపలినుంచి తన దగ్గర ఉంచుకున్న నకలు తెచ్చి ఇచ్చాడు. పేర్లతో సహా అన్నీ ఉన్నాయి. కచేరీ షీటులో ఉన్నదానికి సరిగ్గా తిరగేసి.

మర్నాడు పొద్దున రాజేందర్ ఆ నకలును షీటు పక్కన పెట్టి చాలాసేపు చూశాడు. బాల్‌రాజ్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వాణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడం వాడికి ఇంకా కష్టంగా ఉన్నట్టుంది.

"మల్లారంగూడ మారుస్త. నకలుంది," అన్నాడు రాజేందర్. "మరి రాళ్ళదొడ్డికి ఎవరు జెప్తరు సార్?"

"ఎవరు లేరు సార్. రాసిన మనిషి లేదు," అన్నాడు యూసుఫ్ సార్. "రాళ్ళదొడ్డి సంగతి ఆఖరుకు చూడుండ్రి. ముందు కుడి గీత ఉన్న మిగిలిన ఊళ్ళన్నింటికి మనుషుల్ని పంపి అడిగించుండ్రి."

రాజేందర్ ఆ మాటకు తలెత్తి ఆయన వైపు చూశాడు. బస్సు కండక్టర్ల చేత, సైకిళ్ళ మీద, కబుర్లు వెళ్ళాయి. మధ్యాహ్నానికి ఒక్కొక్క జవాబే వచ్చింది. ఎక్కువ ఊళ్ళు కుడినుంచే. కాని ఇద్దరు పంతుళ్ళు మాత్రం తాము కాగితం వెనకవైపు ఎడమనుంచే రాశామన్నారు. ఆ రెండు ముక్కలూ చూడటానికి అచ్చం అష్రఫున్నీసా ముక్కలాగే ఉన్నాయి. ఇంద్రమ్మ ఆ సంగతి తలెత్తకుండానే చెప్పింది.

"నా మాట మీద మార్చొద్దు సార్," అన్నాడు యూసుఫ్ సార్. "మీరు పోయి మీ కండ్లతోని చూడుండ్రి. నేను బావుల దగ్గరికి రాను."

జీపు తాండూరు దాటాక దారికి అటూ ఇటూ కోసిపెట్టిన బండలు ఎండకు తెల్లగా మెరుస్తున్నాయి. ఒక్కదాంట్లోనైనా నీళ్ళ చప్పుడు వినబడితే అంకెలు ముట్టుకోనని రాజేందర్ ముందే చెప్పాడు. యూసుఫ్ సార్ సరేనన్నాడు.

ఊళ్ళో ఆయన బడి అరుగు మీద ఆగిపోయాడు. తలుపుకు తాళం ఉంది. రాజేందర్, డ్రైవరు చంద్రప్ప గుప్పెడు రాళ్ళు ఏరుకుని మొదటి బావి వైపు వెళ్ళారు. ఏ మనిషీ కోరుకోని దాన్ని తాను కోరుకుంటున్నానని ఆయనకు తెలుసు. బావి ఎండి ఉండాలి. రాయి రాతి మీదే పడాలి.

మొదటి రాయి వేసినట్టున్నారు. కొంచెం సేపు ఏమీ లేదు. తర్వాత కింద ఎక్కడో ఠక్కుమంది.

నెత్తిన ఖాళీ బిందెతో ఒక ఆడమనిషి వచ్చి అరుగు ముందు ఆగింది. హన్మమ్మ. బడి ఊడ్చే మనిషి. చావు రోజున తాండూరు వచ్చి ఇంటి బయటే నిలబడి వెళ్ళింది. ఈరోజు గుంత దగ్గర కూడా తోపులాట అయిందని, వట్టి బిందెతోనే తిరిగి వచ్చానని చెప్పింది. తర్వాత బావుల వైపు చూసింది.

"గా సార్లు బాయిలల్ల రాళ్ళెందుకేస్తున్నరు సార్?"

"నీళ్ళున్నయో లేవో చూస్తున్నరు."

"మేడమ్ అప్పుడే చూసిపాయె గదా," అంది హన్మమ్మ. "నేనే ఎంట పోయిన. ఒక్కొక్క బాయి కాడ నిలబడి రాయేసింది, చెవి పెట్టి ఇన్నది. రెండుసార్లు ఏసేది. ఒకసారి వింటే సాలదా మేడమ్ అంటే, సాలదు అన్నది."

దూరంగా మళ్ళీ ఠక్కుమని వినపడింది. ఆ తర్వాత ఒకచోట మెత్తగా, బురదలో పడ్డట్టు, ఒక చప్పుడు. రాజేందర్ కంఠం ఏదో అడుగుతోంది, చంద్రప్ప తాడు కిందికి వదులుతున్నాడు. తాడు పైకి వచ్చింది. మళ్ళీ నడక. మళ్ళీ రాయి.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి ఇద్దరి చొక్కాలూ వీపుకు అతుక్కున్నాయి. రాజేందర్ షీటు తెచ్చి అరుగు మీద పరిచి, పెన్ను యూసుఫ్ సార్ చేతికిచ్చాడు.

"మీరే రాయుండ్రి సార్. నేను జెప్త." ఆయన చెమట తుడుచుకున్నాడు. "రాళ్ళదొడ్డి. నీళ్ళున్నవి లేవు. అడుగంటింది ఒకటి, తాడు చివర జర తడిసింది. ఎండినవి ఏడు. మొదటి పేజీలనే పడ్తది."

ఆరు కాదు, ఏడు. ఆమె వెళ్ళి చూసిన తర్వాత ఇంకో బావి ఎండిపోయింది. ఆమె అంకెను తిరగేసి చదివినా ఇప్పుడు సరిపోదు. కొట్టేయాల్సిందే.

యూసుఫ్ సార్ ఆ నీలి అంకెల మీద స్కేలు ఆనించి ఒక్క గీత గీశాడు. కింద ఏమున్నదో కనపడేటట్టే, సన్నగా. పక్కన కొత్త అంకెలు రాయడానికి పెన్ను పెట్టి ఆగాడు.

"ఇంకోసారి చదువుండ్రి సార్," అన్నాడు.